నేల కదలికను బట్టి లోపలి ఫాల్ట్‌ను లెక్కకట్టడం: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను తిరుపతిలో డిగ్రీ పిల్లలకు లెక్కలు చెప్తాను. భూమి లోపల ఎవరూ చూడని పగులును పైన నేల ఎంత జరిగిందో కొలిచి పట్టుకోవచ్చని ఒకసారి క్లాసులో అన్నాను, అప్పటి నుంచి ప్రశ్నలు ఆగలేదు. పిల్లలు, వాళ్ల నాన్నలు, కొండకు నడిచి వెళ్లేటప్పుడు పక్కన నడిచేవాళ్లు, అందరూ అడుగుతున్నారు. మళ్లీ మళ్లీ వచ్చేవాటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

అసలు ఇదేం లెక్క? ఒక్క మాటలో చెప్పండి.

దుప్పటి కప్పుకుని పడుకున్న పిల్లాడు కాలు కదిపితే, దుప్పటి మీద ఎక్కడ ఉబ్బిందో చూసి కాలు ఎక్కడుందో చెప్పేస్తాం కదా, అదే ఇది. పలచటి దుప్పటి అయితే మోకాలు, మడమ కూడా గుర్తుపట్టొచ్చు. అదే బొంత కప్పుకుంటే ఏదో కదిలిందని తెలుస్తుంది గానీ ఏది కదిలిందో తెలీదు. ఫాల్ట్ మీదున్న రాయి మందమే మన బొంత. ఈ విషయంలో సగం తెలివి కాలిని పట్టుకోవడంలో ఉంటే, మిగతా సగం బొంత ఎంత దాచేసిందో ఒప్పుకోవడంలో ఉంది. ఆ రెండో సగం గురించి ఎవరూ అడగరు కాబట్టి నేనే కింద ఎక్కువగా రాశాను.

ఫాల్ట్ అంటే? ఘాట్ రోడ్డులో రాళ్ల మధ్య కనిపించే ఆ గీత ఫాల్టేనా?

పుస్తకాల్లో భ్రంశం అంటారు. రాతిలో పగులు ఉంటేనే సరిపోదు, ఆ పగులుకు రెండు వైపులా ఉన్న రాయి ఒకదాని మీద ఒకటి జారి ఉండాలి. అలా జారితేనే ఫాల్ట్. జారుడు అడ్డంగా ఉండొచ్చు, నిలువుగా ఉండొచ్చు, ఏటవాలుగా ఉండొచ్చు.

తిరుమల ఘాట్ రోడ్డులో కనిపించేది ఫాల్ట్ కాదు. దాన్ని ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ అంటారు, జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా దాన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా ప్రకటించింది. కింద చాలా పాత గ్రానైట్లు, వాటి మీద ఆ తర్వాత ఎప్పుడో ఇసుకగా పేరుకుని గట్టిపడిన నగరి క్వార్ట్‌జైట్లు. రెండింటికీ మధ్య పదుల కోట్ల ఏళ్ల ఖాళీ ఉంది. అంటే ఆ గీత రాయి జారిన చోటు కాదు, కాలం ఎగిరిపోయిన చోటు. బస్సు కిటికీలోంచి ఇంత అరుదైన విషయం కనిపించే ఊళ్లు దేశంలో ఎన్ని ఉంటాయో చెప్పండి, ఈసారి వెళ్లినప్పుడు తప్పకుండా చూడండి.

నేల కదిలితే మనకు తెలియదా? ప్రత్యేకంగా కొలవడం ఎందుకు?

తెలీదు. ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లు, పైగా మీరు, మీ ఇల్లు, పక్కిల్లు, రోడ్డు అన్నీ కలిసే జరుగుతాయి. మనం కూర్చున్న ఈ భూఫలకం మొత్తం ఏడాదికి దాదాపు ఐదు సెంటీమీటర్ల చొప్పున ఈశాన్యానికి పోతోంది, ఎవరికైనా తెలుస్తోందా?

కొలవడానికి ముఖ్యంగా రెండు దారులున్నాయి. ఒకటి జీపీఎస్. మన ఫోన్లో ఉండేది కాదు, రాతిలో దిగ్గొట్టిన కమ్మీ మీద యాంటెన్నా పెట్టి రాత్రీ పగలూ ఏళ్ల తరబడి రికార్డు చేసేది. అలా చేస్తే ఏడాదికి ఒక మిల్లీమీటరు తేడా కూడా బయటపడుతుంది. హైదరాబాదులోనూ బెంగళూరులోనూ అంతర్జాతీయ నెట్‌వర్కులో భాగమైన ఇలాంటి స్టేషన్లు ఉన్నాయి. రెండోది ఇన్సార్. ఉపగ్రహం రాడార్ కిరణం పంపి, తిరిగొచ్చిన తరంగం ఏ దశలో ఉందో రాసిపెట్టుకుంటుంది. కొన్ని రోజుల తర్వాత మళ్లీ అదే దారిలో వచ్చి అదే చోటును చూస్తుంది. ఒక బొమ్మలోంచి ఇంకోదాన్ని తీసేస్తే నేల ఉపగ్రహం వైపు ఎంత వచ్చింది, ఎంత దూరమైంది అన్నది రంగుల వలయాలుగా కనిపిస్తుంది. 5.6 సెంటీమీటర్ల తరంగం వాడే యూరప్ ఉపగ్రహం సెంటినెల్-1లో ఒక్కో వలయం 2.8 సెంటీమీటర్ల కదలిక, అంటే సగం తరంగం, ఎందుకంటే కిరణం వెళ్లి రావాలి. 1992లో కాలిఫోర్నియాలో వచ్చిన లాండర్స్ భూకంపం వలయాల బొమ్మ మరుసటి ఏడాది అచ్చయినప్పుడు ఈ రంగమే మారిపోయింది.

ఇప్పుడు ఈ విషయం మన జిల్లాకే వచ్చింది. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి జీఎస్ఎల్వీ మీద వెళ్లిన నైసార్ ఉపగ్రహం చేసే పనుల్లో ఇదొకటి. 24 సెంటీమీటర్ల తరంగం వాడే ఎల్ బ్యాండు రాడార్ నాసాది, ఎస్ బ్యాండు రాడార్ ఇస్రోది, 12 రోజులకొకసారి అదే చోటికి తిరిగొస్తుంది. రాకెట్ ఎగిరినప్పుడు అందరూ సంబరపడ్డారు గానీ, అది పంపే బొమ్మలతో చేయాల్సిన లెక్క గురించి మన పిల్లలకు చెప్పినవాళ్లు తక్కువ. నేను ఇదంతా రాయడానికి అదీ ఒక కారణం.

సరే, పైన కదలిక తెలిసింది. లోపల లోతు ఎలా వస్తుంది?

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి, అసలు విషయం ఇదే.

అన్నిటికన్నా సులువైన ఫాల్ట్ తీసుకుందాం. నిలువుగా ఉంది, రెండు వైపులూ అడ్డంగా ఎదురెదురుగా జారుతున్నాయి. ఒక లోతు వరకు రాయి బిగుసుకుపోయి ఉంది, దాని కింద మాత్రం నిదానంగా జారుతూనే ఉంది. పైన రాయి సాగుతుంది, వంగుతుంది. దీనికి సావేజ్, బర్ఫర్డ్ అనే ఇద్దరు 1973లో వాడిన సూత్రం ఇది: ఫాల్ట్ గీత నుంచి ఒక దూరంలో నేల వేగం = (మొత్తం జారుడు వేగం ÷ 3.1416) × టాన్ ఇన్వర్స్ (దూరం ÷ లోతు). కోణాన్ని రేడియన్లలో తీసుకోవాలి. ఇంటర్మీడియట్‌లో టాన్ ఇన్వర్స్ ఎందుకు నేర్చుకుంటున్నామో అని విసుక్కున్నవాళ్లకు ఇదే జవాబు.

లోపల ఏడాదికి 20 మిల్లీమీటర్లు జారుతోంది, బిగుసుకున్న లోతు 10 కిలోమీటర్లు అనుకోండి. గీతకు కిలోమీటరు దూరంలో నేల 0.6 మిల్లీమీటర్లు జరుగుతుంది, 5 కిలోమీటర్ల దగ్గర 3, సరిగ్గా 10 దగ్గర 5, 20 దగ్గర 7, 30 దగ్గర 8, ఇంకా చాలా దూరం పోతే 10కి దగ్గరవుతుంది. అవతలి వైపు ఇవే అంకెలు ఎదురు దిశలో ఉంటాయి. గమనించారా, లోతు ఎంతో అంత దూరం పోయేసరికి ఆ పక్క జరగాల్సినదానిలో సగం వచ్చేసింది. అంటే గీసిన వంపులో సగం ఎక్కడ వస్తుందో చూసి, అక్కడి నుంచి గీతకు దూరం కొలిస్తే అదే లోతు. బిగుసుకున్న లోతు 20 కిలోమీటర్లయితే 10 దగ్గర 3 మిల్లీమీటర్లే ఉంటుంది, 5 రావాలంటే 20 దాకా పోవాలి. కదలిక ఎంత వెడల్పుగా పరుచుకుంటే మూలం అంత లోతు. అగ్నిపర్వతం కింద శిలాద్రవం ఉబ్బినా ఇదే సంగతి, సూత్రం మాత్రం వేరు, దాన్ని 1958లో జపాన్‌కు చెందిన మోగి వాడి చూపించారు.

ఇప్పుడు ఇందులో ఉన్న ఉచ్చు చెప్తాను. మీ జీపీఎస్ స్టేషన్లన్నీ ఫాల్ట్‌కు దగ్గర్లోనే, రెండు మూడు కిలోమీటర్లలోనే ఉన్నాయనుకోండి. అంత దగ్గర్లో వంపు దాదాపు సరళరేఖే. ఆ రేఖ వాలు వేగాన్నీ లోతునూ విడివిడిగా చెప్పదు, వేగం ÷ లోతు అనే ఒక్క నిష్పత్తినే చెప్తుంది. ఏడాదికి 20 మిల్లీమీటర్లు, లోతు 10 అన్నా సరిపోతుంది, 40 మిల్లీమీటర్లు, లోతు 20 అన్నా సరిపోతుంది. దూరంగా ఒక్క స్టేషన్ పెట్టేదాకా ఎన్ని కోట్ల కొలతలు తీసుకున్నా ఈ చిక్కు విడిపోదు. ఎక్కడ కొలవాలో ముందు లెక్క చెప్పాలి, తర్వాతే సామాను మోసుకుని పోవాలి.

నిజమైన ఫాల్టులు ఏటవాలుగా, ముక్కలు ముక్కలుగా ఉంటాయి కదా?

ఉంటాయి. దానికి 1985లో జపాన్‌కే చెందిన యోషిమిట్సు ఒకాడా ఇచ్చిన సూత్రాలు వాడతారు. పైన చదునుగా, కింద అంతులేకుండా ఉన్న సాగే గుణమున్న రాతి దిమ్మలో ఒక దీర్ఘచతురస్రం పలక జారితే పైన ప్రతి బిందువూ ఎంత కదులుతుందో అవి చెప్తాయి. పలకకు తొమ్మిది సంగతులు కావాలి: రెండు నిరూపకాలు, లోతు, పొడవు, వెడల్పు, ఏ దిక్కుకు సాగింది, ఎంత వాలింది, ఎంత జారింది, ఏ వైపు జారింది. ఈ తొమ్మిదీ తెలిస్తే పైన కదలిక కనుక్కోవడం కంప్యూటర్‌కు క్షణం పని. మనది తిరగేసిన లెక్క, కదలిక తెలిసి ఈ తొమ్మిదీ కనుక్కోవాలి.

వీటిలో ఎంత జారింది అన్నది మాత్రం మంచిబాలుడు, రెట్టింపు జారితే పైన కూడా రెట్టింపు కదులుతుంది, కాబట్టి పలక ఎక్కడుందో తెలిస్తే మిగతాది మామూలు కనిష్ఠ వర్గాల పద్ధతి, అంటే కొలతకూ లెక్కకూ ఉన్న తేడాల వర్గాల మొత్తం అన్నిటికన్నా తక్కువ వచ్చేలా చూడటం. లోతు, వాలు, దిక్కు అలా లొంగవు. అందుకే లక్షల సార్లు ఊహించి, ప్రతిసారీ లెక్కగట్టి, కొలతతో పోల్చి, సరిపోయినవాటిని దగ్గర పెట్టుకుంటారు. చివరికి చేతికొచ్చేది ఒక్క జవాబు కాదు, ఇన్ని జవాబుల గుంపు. ఆ గుంపు ఎంత వెడల్పుగా ఉందో చెప్పకుండా ఎవరైనా లోతు 12 కిలోమీటర్లు అని ఒక్క అంకె రాసి పంపితే, దయచేసి నమ్మకండి, ఎంత అటూ ఇటూ అని అడగండి.

రెండు వేరు వేరు ఫాల్టులు పైన ఒకేలా కదలిక ఇవ్వొచ్చు కదా? జవాబు ఒక్కటేనని గ్యారంటీ ఏంటి?

ఇది మా ఫైనలియర్ అమ్మాయి అడిగింది, ఇప్పటిదాకా నాకు వచ్చిన ప్రశ్నల్లో నాకు బాగా ఇష్టమైంది.

ఆకారం మీద కొన్ని షరతులు పెడితే, కొలతలు ఏ తప్పూ లేకుండా ఒక చిన్న జాగాలో ప్రతి బిందువు దగ్గరా ఉంటే, జవాబు ఒక్కటేనని గణితజ్ఞులు నిరూపించారు. వాదన ఎంత అందంగా ఉంటుందో చూడండి. రెండు ఫాల్టులు ఒకే కదలిక ఇచ్చాయనుకుందాం. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే ఆ జాగాలో కదలిక సున్నా. నేల మీద గాలి తప్ప నొక్కేది ఏమీ లేదు కాబట్టి బలం కూడా సున్నాయే. కదలికా బలమూ రెండూ ఒక చిన్న జాగాలో సున్నా అయితే, సాగే రాతి సమీకరణాల గుణం ఏంటంటే, ఆ సున్నా లోపలికి పాకుతూ పోయి, ఫాల్టులు అడ్డం వచ్చేదాకా అంతటా సున్నాయే అవుతుంది. అప్పుడు ఒక ఫాల్ట్‌కు అటూ ఇటూ సున్నా ఉంటే మధ్యలో జారుడు ఎక్కడిది? కాబట్టి రెండూ ఒకటే అయ్యుండాలి. ఒక్క చిక్కు, రెండు ఫాల్టులూ కలిసి మధ్యలో ఒక రాతిముక్కను అన్ని వైపులా మూసేస్తే సున్నా ఆ ముక్కలోకి పాకలేదు. షరతులు అందుకే పెట్టింది.

అయితే జవాబు ఒక్కటే ఉండటం వేరు, అది చేతికి చిక్కడం వేరు. కొలతలో వెంట్రుకవాసి తప్పు జవాబులో కొండంత అవ్వొచ్చు. పది కిలోమీటర్ల లోతులో, ఐదు కిలోమీటర్లకొకసారి ఎక్కువ తక్కువలుగా మారే జారుడు ఉందనుకోండి, ఆ మార్పు పైకి వచ్చేసరికి రమారమి లక్షలో ఒక వంతు కన్నా తక్కువకు పడిపోతుంది, ఏ పరికరానికీ అందదు. అదే నలభై కిలోమీటర్లకొకసారి మారితే ఐదో వంతు దాకా మిగులుతుంది, హాయిగా కనిపిస్తుంది. అందుకే లోతుకు పోయేకొద్దీ పెద్ద ఆకారాలే తెలుస్తాయి, వివరాలు బొంతలోనే ఉండిపోతాయి. లెక్కలో ఫాల్ట్‌ను చిన్న చిన్న పలకలుగా కోసి, పక్కపక్క పలకల జారుడు మరీ తేడాగా ఉండకూడదని ఒక నియమం కలుపుతారు. అది మనం పెట్టిన నియమం, రాయి చెప్పింది కాదు, ఆ సంగతి రాసి తీరాలి.

మన దేశంలో ఇలా నిజంగా ఏదైనా ఫాల్ట్ దొరికిందా?

దొరికింది, అదీ వందేళ్ల తర్వాత. 1897 జూన్ 12న అస్సాం మహాభూకంపం వచ్చింది. హిమాలయం కిందికి వాలిన ఫాల్టే జారిందని వందేళ్లు అనుకున్నారు. అంతకుముందే అక్కడ త్రికోణమితి సర్వే జరిగి ఉంది, మద్రాసులో 1802లో లాంబ్టన్ గీసిన ఆధారరేఖతో మొదలైన ఆ పెద్ద సర్వేలో అదీ భాగమే. భూకంపం తర్వాత మళ్లీ కొలిచారు. ఆ పాత కోణాలను బిల్హామ్, ఇంగ్లండ్ అనే ఇద్దరు మళ్లీ లెక్కగట్టి 2001లో ప్రకటించింది ఏంటంటే, షిల్లాంగ్ పీఠభూమి ఉత్తరపు అంచు కనీసం 11 మీటర్లు పైకి లేచింది, దానికి కారణం హిమాలయానికి ఎదురు దిక్కుకు వాలిన, దాదాపు 110 కిలోమీటర్ల పొడవున్న, లోపలే దాగిన వేరే ఫాల్ట్. దానికి ఆ భూకంపాన్ని అధ్యయనం చేసిన ఓల్డ్‌హామ్ పేరే పెట్టారు. జారుడు 18 మీటర్లు, కానీ అటూ ఇటూ 7. ఆ ఏడును దాచకుండా రాశారు చూడండి, నేను పైన గుంపు గురించి చెప్పింది అదే.

2015 ఏప్రిల్ 25న నేపాల్‌లో జారిన ఫాల్ట్ కూడా ఉపరితలం దాకా పగల్లేదు. కాఠ్మండూ దాదాపు మీటరు పైకి లేచి, మీటరున్నరకు పైగా దక్షిణానికి జరిగింది, దానికి ఉత్తరాన ఉన్న పర్వతాలు కిందికి దిగాయి. ఎక్కడ లేచింది, ఎక్కడ దిగింది అన్నదాన్ని బట్టే లోపల ఎక్కడిదాకా జారి ఆగిందో గీశారు.

శేషాచలం అడవిలో, మన వానల్లో ఉపగ్రహం సరిగ్గా చూడగలదా?

మంచి అనుమానం. చిన్న తరంగం ఆకుల మీదే తగిలి వెనక్కొస్తుంది, 12 రోజుల్లో ఆకులు మారిపోతే రెండు బొమ్మలకూ పొంతన ఉండదు. ఎల్ బ్యాండు కొమ్మల దాకా, నేల దాకా దిగుతుంది కాబట్టి ఎర్రచందనం అడవి మీద కూడా పొంతన మెరుగ్గా నిలుస్తుంది.

గాలిలో తేమ ఇంకో తలనొప్పి. తేమ ఎక్కువుంటే కిరణం ఆలస్యమై, నేల కొన్ని సెంటీమీటర్లు దిగిపోయినట్టు అబద్ధం చెప్తుంది. తిరుమల తిరుపతి కన్నా దాదాపు 700 మీటర్లు ఎత్తు, కిందికీ పైకీ మధ్య గాలిలో తేమ వేరు, కాబట్టి కొండ ఆకారమే కదలికగా కనిపించే ప్రమాదం ఉంది. మన పక్కనే గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన సంస్థ ఏళ్లుగా పైగాలిని రాడార్‌తో గమనిస్తోంది. నేల సంగతి చెప్పాలంటే గాలి సంగతి తెలియాలి, ఆ రెండు చదువులూ మనకు గంట ప్రయాణంలో ఉన్నాయి. ఉపగ్రహం ఉత్తర దక్షిణాలుగా తిరుగుతుంది కాబట్టి ఆ దిక్కు కదలిక దానికి సరిగ్గా కనిపించదు, అక్కడ జీపీఎస్సే దిక్కు.

2021 వానలప్పుడు తిరుపతిలో సంపు పైకి లేచింది కదా, అది ఫాల్టా?

కాదు. ఆ నవంబరులో ఒక ఇంట్లో సిమెంటు రింగుల సంపు నేలలోంచి మనిషెత్తు కన్నా పైకి వచ్చేసరికి ఊరంతా టెన్షన్ పడింది. నేలంతా నీళ్లతో నానిపోయి ఉన్నప్పుడు సంపు ఖాళీ చేస్తే, ఖాళీ బిందె నీళ్లలో తేలినట్టు తేలుతుంది. ఫాల్ట్ కదిలితే పక్కింటి సంపు, వీధి, పక్క ఊరు అన్నీ ఒక క్రమంలో జరగాలి. ఒక్క రింగు మాత్రమే లేచి చుట్టూ ఏమీ కదలకపోతే మూలం ఆ రింగు కిందే ఉంది. వెడల్పు సూత్రం ఇక్కడా పనిచేసింది.

బోరు పాయింట్ చూడటానికి పనికొస్తుందా?

చిత్తూరు వైపు రైతులు తప్పకుండా అడిగే ప్రశ్న. వెయ్యి అడుగులు వేసినా నీళ్లు పడని బాధ నాకు తెలుసు, మా పెదనాన్న పొలంలోనే చూశాను. కానీ దీనికి ఈ పద్ధతి పనికిరాదు. ఇది కదులుతున్న పగులునే చూడగలదు, మన గ్రానైట్‌లో నీళ్లుండే పగుళ్లు కదలకుండా ఉన్నవి. వాటికి నేలలోకి కరెంటు పంపి నిరోధం కొలిచే పద్ధతి ఉంది, అది చదివిన జియాలజిస్టును అడగండి.

మరి తిరుపతి కింద కదిలే ఫాల్ట్ ఉందా? భూకంపం ఎప్పుడొస్తుందో చెప్పొచ్చా?

హిమాలయంతో పోలిస్తే మన దక్షిణ పీఠభూమిలో రాయి సాగే వేగం చాలా తక్కువ, కాబట్టి ఈ పద్ధతి ఇక్కడ చూపించేది కూడా తక్కువే. అంతమాత్రాన ఏమీ లేదని కాదు. 1993 సెప్టెంబరు 30న మహారాష్ట్రలోని కిల్లారిలో భూకంపం వచ్చేదాకా అదీ కదలని నేలే అనుకున్నారు, దాదాపు పదివేల మంది పోయారు. ఎక్కడ ఎంత బిగుసుకుందో ఈ లెక్క చెప్తుంది. ఉదాహరణకు 20 కిలోమీటర్ల పొడవు, 10 వెడల్పు ఉన్న పలక మీటరు జారితే దాదాపు 6.5 తీవ్రత వస్తుందని చెప్పగలం. ఏ రోజు జారుతుందో చెప్పలేం. తేదీ చెప్పేవాళ్ల వాట్సాప్ మెసేజీలు పంపకండి, ఇంటికి పిల్లర్లు, బీములు సరిగ్గా వేయించుకోండి.

నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

పైథాన్‌లో టాన్ ఇన్వర్స్ సూత్రం రాయండి. లోతు 10 పెట్టి ఇరవై చోట్ల వేగాలు తయారుచేసి, ప్రతిదానికీ ఒక మిల్లీమీటరు అటూ ఇటూ తప్పు కలపండి. ఇప్పుడు లోతు మర్చిపోయినట్టు వెతకండి. తర్వాత దూరపు స్టేషన్లు తీసేసి మళ్లీ వెతకండి, జవాబు ఎలా జారిపోతుందో మీ కళ్లతో చూస్తారు. అది చూశాక సెంటినెల్ డేటా ఉచితంగానే దొరుకుతుంది, నైసార్‌ది ఇస్రో భూనిధి పోర్టల్‌లో చూడండి.

మా పొలం గట్టు మీద, గుట్ట మీద సర్వే రాయి ఉంది. అడ్డంగా ఉంది, తీసేయొచ్చా?

తీయకండి. షిల్లాంగ్ ఫాల్ట్ దొరికింది అలాంటి రాళ్ల మధ్య కొలిచిన కోణాల వల్లే. ఒక్కసారి పెకిలిస్తే తిరిగి అదే చోట పాతినా పనికిరాదు, మిల్లీమీటర్ల లెక్క కదా. రోడ్డు వెడల్పు చేస్తూ జేసీబీ దాని దగ్గరికి వస్తుంటే ముందే సర్వే ఆఫ్ ఇండియా వాళ్లకు తెలియజేయండి, రాయి మీద చెక్కిన గుర్తు ఫోటో తీసి పంపండి.